మా పాప లైన్‌మన్

కరెంటు పోతే మా వీధిలో అందరూ కసురుకుంటారు. ఎండాకాలం మధ్యాహ్నం గుంత మగ్గంలో కూర్చున్న మనిషికి నెత్తిమీద ఫ్యాను ఆగిందంటే చెమట నడుం దాకా కారుతుంది. ఎదురింట్లోంచి ఒకరు, పక్కింట్లోంచి ఒకరు తిట్లు అందుకుంటారు. నేను మాత్రం చేతిలో నూలు కండె పట్టుకుని పైకి చూస్తాను. ఆగిపోయిన ఫ్యాను రెక్కలు చూస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. అవి మళ్ళీ తిరగడం మొదలుపెడితే గుండెలో దడ మొదలవుతుంది.

మా ఊరి కరెంటుకూ మా పాప ఎక్కే కంబాలకూ సంబంధం లేదని నాకు తెలుసు. మేముండేది ఎమ్మిగనూరులో. ఆమె పని కోసిగి అవతలి పల్లెల్లో. ఆ లైన్లు వేరు, ఈ లైన్లు వేరు. ఆమె నాకు ఎన్నోసార్లు నేలమీద సుద్దముక్కతో గీసి మరీ చెప్పింది. తలకాయ ఊపుతాను, అర్థమవుతుంది కూడా. అయినా కడుపుకు ఆ లెక్కలు పట్టవు. కరెంటు లేదంటే నా బిడ్డ కంబం మీద క్షేమంగా ఉన్నట్టు. వచ్చిందంటే ఎవరో తొందరపడి స్విచ్ వేసినట్టు.

మా పాప లైన్‌మన్. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు అల్లుణ్ణి అడుగుతారు. "అల్లునికి కరెంటాఫీసులో ఉద్యోగమా? మంచి సంబంధమే పట్టినారు" అంటారు. అల్లుడింకా పుట్టాడో లేదో మాకే తెలియదు.

ఆమె ఆదోనిలో ఐటిఐ చదివింది. రోజూ పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. ఇంట్లో మగ్గానికి లైటు కట్టాలన్నా, మిక్సీ చెడినా ఆమే చూసేది. లైన్‌మన్ ఉద్యోగాలకు ఆడపిల్లలు కూడా రావచ్చన్నారని ఒకరోజు చెప్పింది. కంబం ఎక్కే పరీక్ష ఉంటుందట. మా ఇంటి వెనక పాడుబడ్డ ఇనుప కంబం ఒకటి ఉంటే దాని మీద నేర్చుకుంది. ఎక్కడం చూసినవాళ్ళంతా కోతి అన్నారు. పరీక్ష నెగ్గి ఆర్డరు తెచ్చుకున్న రోజు మాత్రం కోతి అన్నవాళ్ళే మిఠాయి తిన్నారు.

ఆ రోజు మా వదిన, అంటే మా ఆయన అక్క, మా ఇంట్లోనే ఉంది. ఆమె ఇల్లు ఎదురుగానే. పొద్దున వచ్చి నా పక్కన రాట్నం వేసుకుని కండెలు చుడుతూ ఊరి కబుర్లన్నీ దింపుతుంది.

"ఏం ఉద్యోగమే పాపా?" అంది.

"లైన్‌మన్ అత్తా."

"లైన్‌మన్ అంటే మొగోడు గదా. నువ్వేమవుతావు?"

"నేనూ లైన్‌మనే."

"అదెట్లమే? బస్సులో ఆడపిల్ల టికెట్ కొడితే లేడీ కండక్టరంటారు. ఆస్పత్రిలో లేడీ డాక్టరంటారు. నిన్ను లేడీ లైన్‌మన్ అంటారేమో సూడు."

"కరెంటుకు లేడీ ఎవురో మొగోడు ఎవురో తెలుస్తాదా అత్తా? ఎవురు తాకినా కొడతాది."

మగ్గం గుంతలోంచి మా ఆయన నవ్వాడు. "మా అక్క నోరు తాకితే కరెంటుకే షాకు" అన్నాడు. వదిన కండె విసిరింది. అది తగలకుండా ఆయన తల వంచాడు. ఆ రోజంతా అట్లా నవ్వుతూనే గడిచింది.

రాత్రి పడుకున్నాక నాకు వదిన మాటే గుర్తుకొచ్చింది. మా ఇంట్లో నేత ఎవరిది అని అడిగితే ఊరంతా మా ఆయన పేరు చెబుతుంది. నూలు తడిపేది నేను, గంజి పెట్టేది నేను, కండెలు చుట్టేది నేను, పోగు తెగితే ఆయన కంటే ముందు చూసేది నేను. అయినా నేను నేతగాని పెండ్లాన్నే. డాక్టరు పెండ్లాం మాత్ర ఇవ్వకపోయినా డాక్టరమ్మే. మా వార్డులో ఒకసారి ఆడమనిషి కౌన్సిలర్‌గా గెలిచింది. కొళాయి రాకపోతే అందరం పోయి చెప్పుకున్నది ఆమె మొగుడికి. కౌన్సిలర్ అన్నా అని పిలిచింది ఆయన్నే. ఆమె లోపల్నుంచి టీ తెచ్చి ఇచ్చింది. పని ఎవరిదైనా సరే, పక్కన మొగమనిషి నిలబడితే పేరు నడిచిపోయి ఆయన మీద కూర్చుంటుంది. మనకిది అలవాటే కదా అనుకున్నాను. ప్రాణం మీదికి వచ్చే సంగతని అప్పుడు తెలియదు.

పాప కోసిగిలో ఒక గది తీసుకుని ఉండేది. ఆదివారం ఇంటికి వచ్చేది. ఉద్యోగంలో చేరిన వారానికే నాకు నిద్ర కరువైంది. ఫోన్ చేస్తే పైన ఉందేమోనని భయం, చేయకపోతే ఏమైందోనని భయం. ఆమే ఒక ఉపాయం చెప్పింది.

"అమా, నువ్వు ఫోన్ సెయ్యొద్దు. నేను కంబం దిగినప్పుడల్లా మిస్డ్ కాల్ ఇస్తా. ఒక్కసారి మోగి ఆగిందంటే నేను నేలమీద ఉన్నట్టు."

అప్పటినుంచి ఫోన్ నా రొండిన ఉంటుంది. అది ఒకసారి మోగి ఆగితే నేను గిర్రున రాట్నం తిప్పుతాను. వదినకు అర్థమైపోతుంది. "దిగిందా?" అంటుంది. "దిగింది" అంటాను. ఎక్కినప్పుడు చెప్పదు, దిగినప్పుడే చెబుతుంది. అందుకని నాకు రోజంతా ఆమె ఎక్కే ఉన్నట్టు ఉంటుంది.

ఆమె వెంబడి ఒక హెల్పర్ ఉంటాడు. నలభై దాటిన మనిషి, పెద్ద మీసాలు, మంచివాడు. కిందనుంచి తాడు అందించడం, సామాన్లు తేవడం ఆయన పని. ఇద్దరికీ ఖాకీ చొక్కాలే. ఆయనకు చొక్కా అతికినట్టు ఉంటుంది. మా పాపకు చుడీదార్ మీద వేసుకుంటే భుజాలు మోచేతుల దాకా జారుతాయి. పల్లెల్లో జనం నేరుగా ఆయన దగ్గరికే పోతారట. "లైన్‌మన్ అన్నా, ఫీజు పోయిందన్నా" అంటారట. "నేను కాదప్పా, ఈ యమ్మ" అని ఆయన చూపిస్తే, "సరేలే, ఆ యమ్మకూ సెప్తాం గానీ నువ్వు రా అన్నా" అంటారట. ఆదివారం అన్నం తింటూ ఇవన్నీ ఆమె గొంతు మార్చి చేసి చూపేది. కడుపుబ్బ నవ్వేవాళ్ళం.

ఆ పక్క పల్లెల్లో ఇంకో అలవాటు ఉంది. చేను దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని కంబానికి చేతికందే ఎత్తులో ఇనుప హ్యాండిల్ ఉంటుంది. అదే స్విచ్. దాన్ని వేయడానికీ తీయడానికీ రైతులు ఎవరినీ అడగరు. మోటార్లకు పగలు కరెంటు ఇచ్చేది కొన్ని గంటలే. ఆ గంటల్లో లైను చెడితే వాళ్ళ ప్రాణం చేను మీదే ఉంటుంది. లైన్‌మన్ బండి కనబడినంతసేపు ఓర్చుకుంటారు. బండి పోయిందంటే పని అయినట్టే. హ్యాండిల్ నెట్టేస్తారు. తాళం వేసినా నిలవదు, రాయి తీసుకుని కొట్టేస్తారు.

ఒకరోజు పొద్దున్నుంచి ఫోన్ మోగలేదు. మధ్యాహ్నం వదిన "సోమారిది, మర్చిపోయింటాదిలే" అంది. నేను రాట్నం పక్కన పెట్టి గడప దగ్గర నిలబడ్డాను. లోపలికి, బయటికి. నీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను. మా ఆయన మగ్గం ఆపి, "ఏమే, అట్ల తిరిగితే నాకు పోగు కనపడదు" అన్నాడు గానీ ఆయన కాళ్ళు కూడా తొక్కుడు మీద ఆడటం లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. ఒకసారి మోగి ఆగలేదు. మోగుతూనే ఉంది. నాకు అది ఎత్తాలంటే చెయ్యి రాలేదు. వదిన లాక్కుని ఎత్తింది. అవతల హెల్పర్.

"మా, పాపకేం కాలేదు. భయపడొద్దు. ఆదోని ఆస్పత్రికి పిల్సకపోతాండాం."

ఏం కాకపోతే ఆస్పత్రికి ఎందుకు? నేను చెప్పుల్లేకుండానే బస్టాండుకు నడిచాను. ఆయన వెనక నుంచి చెప్పులు పట్టుకుని వచ్చాడు. ఇద్దరం ఆదోని బస్సెక్కాం. దారిలో ప్రతి కంబం నా ముఖం ముందరినుంచే పోయింది.

ఆస్పత్రిలో మంచం మీద పడుకుని ఉంది. ఎడమ భుజానికి కట్టు కట్టారు, చెంప మీద గీరుకుపోయింది. కళ్ళు మూసుకుని ఉంది గానీ ఊపిరి ఆడుతోంది. నేను పాదాలు పట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. అప్పుడు ఏడుపు వచ్చింది.

నర్సమ్మ వచ్చి అడిగింది. "కరెంటు కాడ పడిందంట గదా. ఏం పని సేస్తాది ఈ పాప?"

"లైన్‌మన్ మా."

"మొగుని పని కాదు మా నేనడిగేది. ఈ పాప పని."

"ఈ పాపదే. పెండ్లి కాలేదు."

"అయితే మీ ఆయన లైన్‌మనా?"

"ఆయప్ప మగ్గం నేస్తాడు."

"మరి కరెంటు కాడికి ఈ పాప ఎందుకు పోయింది?"

మా పాప కళ్ళు తెరవకుండానే, "లైన్‌మన్ నేనే సిస్టర్" అంది.

నర్సమ్మ ఒక నిమిషం ఆమెను, ఆ వదులు ఖాకీ చొక్కాను చూసింది. తర్వాత మెల్లగా నవ్వింది. "మా వార్డులో మొగ నర్సు ఒకాయన ఉండాడు. ఇంత ఎత్తు మనిషి. పేషెంట్లు ఆయన్ని కూడా సిస్టర్ అనే పిలుస్తారు. పాపం, పలుకుతాడు" అంది. ఆ కట్లతోనే మా పాప నవ్వబోయి, భుజం నొప్పెట్టి మూలిగింది.

జరిగింది హెల్పర్ చెప్పాడు. మిరప చేల దగ్గర లైను తెగింది. పాప స్విచ్ తీసి కంబం ఎక్కింది. పైన కొత్త తీగ అవసరమైంది. తేవడానికి ఆయన బండి మీద కోసిగికి బయలుదేరాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో ఒక పెద్దాయన వచ్చి హ్యాండిల్ నెట్టేశాడు. పైకెక్కగానే తీగలన్నిటినీ కలిపి గొలుసుతో నేలకు కట్టడం పాపకు అలవాటు. వచ్చిన కరెంటును నేలలోకి లాగేసి ఆ గొలుసే కాపాడింది. పెద్ద మోత మోగి, నిప్పులు రాలి, ఫీజులు కొట్టేశాయి. ఆ మోతకు ఆమె కాళ్ళు జారాయి. నడుం బెల్టు మీద వేలాడింది. భుజం పోయి ఇనుప పట్టీకి కొట్టుకుంది. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు కేకలు వేస్తే, హెల్పర్ వెనక్కి వచ్చి దించాడు.

సాయంత్రానికి ఆ పెద్దాయనే వచ్చాడు. వేరుశనగ బుడ్డల సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మా ఆయన లేచి నిలబడ్డాడు. కొడతాడేమోనని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తల్లీ, శానా తప్పైంది" అన్నాడు పెద్దాయన.

మా పాప అడిగింది. "పెద్దనాయనా, పొద్దున నువ్వు నన్ను సూడలేదా?"

"సూస్తిని. తాడు మోస్తాంటివి. ఆయప్ప వెంబడి వచ్చిన పిల్లవేమో అనుకుంటి. ఆ పక్క గట్టు తెగింటే పోతిని. తిరిగొచ్చేసరికి ఆయప్ప బండెక్కి పోతాండాడు. లైన్‌మన్ పోయినాడు, పనయిపోయింది అనుకుంటి. మిరప సెట్లు తలలు వాలేసినాయి తల్లీ."

"కంబం పైకి ఒకసారి సూసింటే?"

ఆయన సంచి కింద పెట్టాడు. "లైన్‌మన్ పోయినాక కంబం పైకి ఎవురు సూస్తారు తల్లీ?" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన స్థానంలో నేనున్నా పైకి చూసేదాన్ని కాదేమో. మా ఆయన మెల్లగా కూర్చున్నాడు. బుడ్డల సంచి చాలాసేపు గడప మీదే ఉంది.

ఇంటికి తెచ్చుకున్నాం. చెయ్యి మెడకు కట్టుకుని తిరిగేది. ఆఫీసులో పెద్దసారు ఫోన్ చేశాడు. ఆడపిల్ల కదా, ఇక కంబాలొద్దు, ఆఫీసులో కుర్చీ వేయిస్తాను అన్నాడట. నాకు ప్రాణం లేచి వచ్చింది. దేవుడే ఫోన్ చేశాడనుకున్నాను. మంత్రాలయం పోయి కొబ్బరికాయ కొడదామన్నాను.

"నేను కూర్చోను అమా" అంది.

"ఏం, కుర్చీ కరుస్తాదా?"

"ఆడ కూర్చుంటే నన్ను లైన్‌మన్ అంటారా?"

"ఆ పేరెందుకే నీకు? ప్రాణముంటే సాలు."

"ప్రాణం కోసమే అమా పేరు. లైన్‌మన్ ఎవురో తెలిసింటే ఆ పెద్దనాయన స్విచ్ మీద సెయ్యి ఏస్తుండెనా? నేను ఆఫీసులో కూర్చుంటే నా ఎనక ఇంగో పిల్ల వస్తాది. ఆ పిల్లనూ సూడరు."

"ఇంగో పిల్లకు ఇంగో తల్లి ఉంటాది. నేను నీ తల్లిని" అన్నాను. అన్నాక గట్టిగా ఏడ్చాను. ఆ వారమంతా ఇంట్లో అదే రభస. నేను అన్నం వడ్డిస్తూ అడిగేదాన్ని, తలదువ్వుతూ అడిగేదాన్ని. ఆమె మాట మార్చేసేది.

అట్లాంటి ఒక పొద్దున మగ్గం తొక్కుడు తాడు తెగింది. గుంతలోకి దిగి కట్టాలి. మా ఆయనకు మోకాళ్ళు వంగవు కాబట్టి ఆ పని నాది. నేను దిగగానే ఆయన భుజం మీది తువ్వాలు తీసి, తాను కూర్చునే చోట పరిచి, బీడీకి బయటికి పోయాడు. మా ఇళ్ళల్లో ఇది అందరికీ తెలిసిందే. కూర్చునేచోట తువ్వాలు ఉందంటే గుంతలో మనిషి ఉన్నట్టు. ఎవరూ కూర్చోరు, తొక్కరు, నేత బిగించే పలక లాగరు. నేసేవాడు ఊళ్ళో లేకపోయినా సరే. దిగినవాళ్ళే పైకొచ్చి తువ్వాలు తీయాలి.

వదిన వచ్చింది. కూర్చోబోయి తువ్వాలు చూసి ఆగింది.

"లోపల ఎవరే?"

"నేనే వదినా."

"మా తమ్ముడు బయట బీడీ కాలుస్తాంటే మగ్గం ఖాళీ అనుకుంటి. సరే, కట్టుకో" అని గోడకు ఆనుకుంది.

తలెత్తి చూస్తే మా పాప మంచం మీదినుంచి ఆ తువ్వాలునే చూస్తోంది. భుజం నయమై ఆమె కోసిగికి పోయిన రోజు మా ఆయన తువ్వాలు కోసం ఇల్లంతా వెతికాడు. ఎర్ర అంచుది, తాను నేసుకున్నది. దొరకలేదు.

నాకు ఇంట్లో కాలు నిలవలేదు. తర్వాతి వారం ఒక పొద్దున చెప్పకుండా కోసిగి బస్సెక్కి పోయాను. పాప నన్ను చూసి తిట్టి, హెల్పర్ బండి వెనక కూర్చోబెట్టి, తాను స్కూటీ మీద ముందు పోయింది. ఆ మిరప చేల దగ్గరే పని పడింది. ఆఫీసువాళ్ళు కొత్త తాళం ఇచ్చారు గానీ దాన్ని అప్పటికే ఎవరో రాయితో చితక్కొట్టారు. ఆమె స్విచ్ తీసి, సంచిలోంచి ఎర్ర అంచు తువ్వాలు తీసి హ్యాండిల్‌కు ముడేసింది. బెల్టు బిగించుకుంది. ఎక్కింది.

నేను పైకి చూడలేకపోయాను. తువ్వాలు పక్కన నేలమీద కూర్చుని దాని అంచు పట్టుకున్నాను. పెద్దాయన కూడా వచ్చి, పలకరించి, కాస్త దూరంగా కూర్చున్నాడు. కొంతసేపటికి హెల్పర్ ఏదో సామాను కోసం బండెక్కి పోయాడు. తువ్వాలు అంచును రెండో చేత్తో కూడా పట్టుకున్నాను.

ఒక కుర్ర రైతు ఉరుకుతూ వచ్చాడు. "లైన్‌మన్ పోతాండాడు గదా, ఇంగేం కూర్సున్యారు? తీయండి ఆ గుడ్డ" అని చెయ్యి చాచాడు.

పెద్దాయన గట్టిగా అరిచాడు. "రేయ్, సెయ్యి ఎనక్కి తీ! పోయింది హెల్పరు. లైన్‌మన్ పైన ఉండాది."

"యాడ?"

"తలకాయెత్తి సూడు."

వాడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఆ పాపనా?"

"ఆ పాపనే. ఆ యమ్మ దిగొచ్చి తీసిందాకా ఆ తువ్వాలు నేను తాకను, నువ్వూ తాకవు. ఆ యమ్మ నాకు సెప్పింది, నేను ఊర్లో అందరికీ సెప్పినా. నువ్వు యాడ సచ్చినావు?"

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నా వైపు తిరిగి, "నువ్వెవరు మా?" అన్నాడు.

"లైన్‌మన్ అమ్మను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

వాడూ కూర్చున్నాడు. అందరం కూర్చున్నాం. అప్పుడు నేనూ తలెత్తాను. ఎండలో కళ్ళు చెదిరాయి. ఆకాశంలో చిన్న ఖాకీ చొక్కా, గాలికి బెలూన్ లాగా ఉబ్బుతోంది. నా దడ ఏమీ తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు, ఫ్యాను తిరిగితే ఉలిక్కిపడతాను. కానీ ఆ రోజు పైకి చూసేవాళ్ళల్లో నేనొక్కదాన్నే కాదు.

మెల్లగా దిగింది. కాళ్ళు నేలకు ఆనాయి. బెల్టు విప్పకముందే జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కింది. నా రొండిన ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఆమె నాకు రెండు బారల దూరంలో నిలబడి ఉంది.

"ఏమే, ఎదురుగానే ఉండా గదా!" అన్నాను.

"అలవాటు అమా" అని, ముడి విప్పి తువ్వాలు భుజాన వేసుకుని, హ్యాండిల్ నెట్టింది. చేను అవతల మోటారు గుర్రుమంది.